వంటమనిషి పళ్ళెం

అక్క పళ్ళెం పక్కకు నెట్టింది. నెట్టిన తీరు చూస్తే అందులో ఉన్నది తిండి కాదు, ఇల్లు ఖాళీ చేయమని ఎవరో పంపిన నోటీసు అనుకోవాలి.

"ఇదేంటే?" అంది.

"గుమ్మడికాయ కూర."

"గుమ్మడికాయని నాకూ కనిపిస్తోంది. దానికి నువ్వు చేసిందేంటని అడుగుతున్నా. ఉడకబెట్టి, చల్లారబెట్టి, పాపం పొమ్మని పళ్ళెంలో పెట్టావా?"

"మిరియాలు వేశాను."

"ఎప్పుడు? నేను పుట్టకముందా?"

నేను పళ్ళెం తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఆ ఇంట్లో వంటగదికి తలుపు లేదు. ఉంటే ఆ రోజు గట్టిగా వేసేదాన్ని.

మా అక్క ముప్పై రెండేళ్ళు రైలు పెట్టెలు బాగుచేసే కర్మాగారం క్యాంటీన్‌లో వంట చేసింది. రోజుకి నాలుగు వందల మందికి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నాలుగొందల మందికి వండిపెడుతున్నా, ఇంకొకడికి వేరేగా దేనికి?" అనేది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. మా ఆయన పోయాక నేను అక్క ఇంటికే వచ్చేశాను. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటగది. మొన్న మొన్నటి దాకా పొయ్యి దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు. "నువ్వు గిన్నెలు కడుగు చాలు, చప్పిడమ్మా" అనేది. చప్పిడమ్మ అని నాకు అక్క పెట్టిన పేరు. ఆ పేరెలా వచ్చిందో తరవాత చెబుతాను.

ఈ ఏడాది అక్కకి గుండె బలహీనపడింది. కాళ్ళకి నీరు దిగింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. మొదటిది, పొయ్యి దగ్గర నిలబడటం మానాలి. రెండోది, ఉప్పు మానాలి.

"మానమంటే మానతాను. తిండి కూడా మానినట్టే" అంది అక్క.

"అది కుదరదు" అంది డాక్టరమ్మ. టేపు తీసి అక్క జబ్బ చుట్టూ పెట్టి కొలిచి, ఆ అంకె రాసుకుంది. "కాళ్ళలో నీరు తగ్గాలి, చేతుల్లో కండ తగ్గకూడదు. ఉప్పు లేకుండా బాగా తినాలి. ఇంట్లో కుదరకపోతే చెప్పండి, ఇక్కడ మంచం ఇస్తాను. మేమే తినిపిస్తాం."

ఆస్పత్రి మెట్లు దిగుతూ అక్క నా చెయ్యి పట్టుకుంది. మెట్ల కోసం పట్టుకుంది అనుకున్నాను.

"ఆ మంచం ఎక్కితే నేను దిగనే" అంది. "ఏదో ఒకటి చెయ్యి. తినేట్టు వండు."

మా అక్క నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. అందుకే పట్టుదల వచ్చింది. పట్టుదల ఉంటే వంట వస్తుందనుకున్నాను.

*

వంట నాకు రాదని కాదు. నలభై ఏళ్ళు వండాను. కానీ వండింది మా ఆయన నాలుక కోసం.

ఆయన టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసేవారు. పొడుగాటి బల్ల మీద తెల్ల కప్పులు వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కో కప్పులోంచి చెంచాడు తీసుకుని, జుర్రుమని వీధిలోకి వినబడేంత చప్పుడుతో పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేసి, ఏ ఆకు ఎలా ఉందో చెప్పాలి. పని ఎక్కువున్న రోజుల్లో రెండు వందల కప్పులు. ఆ నాలుక మీదే మా ఇల్లు నడిచింది. అందుకని మా ఇంట్లోకి వెల్లుల్లి రాలేదు, మిరపకాయ రాలేదు, ఇంగువ రాలేదు. అగరొత్తి వెలిగించలేదు. సబ్బుకి కూడా వాసన ఉండకూడదు. పప్పు ఉడికించి చిటికెడు ఉప్పు, కూరగాయ ఉడికించి చిటికెడు ఉప్పు, పెరుగు. నలభై ఏళ్ళు అదే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు రెండో పూటకి ఉండేవారు కాదు. అక్క ఒకసారి వచ్చి తిని నాకు ఆ పేరు పెట్టి వెళ్ళింది.

నాకు అదే అలవాటైంది. ఇప్పటికీ మిరియం నోట్లో నలిగితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. అందుకే అక్కకి వండేటప్పుడు మసాలా పడకముందే నా వంతు చిన్న గిన్నెలోకి తీసేసుకునేదాన్ని. అక్కకి కిటికీ దగ్గర బల్ల మీద వడ్డించి, తను తిన్నాక నేను వంటగదిలో స్టూలు మీద కూర్చుని నాది నేను తినేసేదాన్ని. ఇందులో చెప్పుకోవలసింది ఏదైనా ఉందని నాకు తట్టలేదు.

ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు, ఉప్పు లేని వంటలు అని. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, సాయంత్రపు తరగతిలో. రెండేళ్ళు పట్టింది. కాగితం చేతికి రాగానే మనసులో కొంచెం గర్వపడ్డాను, ఇక ఎవర్నీ అడగక్కర్లేదని. కిటికీ దగ్గర కూర్చుని వేలు పెట్టుకుని చదివాను. జీలకర్ర, తగినంత. ధనియాల పొడి, తగినంత. నిమ్మరసం, రుచికి సరిపడా. అల్లం, కావలసినంత.

కాగితం తిరగేసి చూశాను. వెనక ఏమీ లేదు. రెండేళ్ళు వేళ్ళు కాయలు కాసేట్టు దిద్దుకుంటే చివరికి అక్షరాలు నాకు చెప్పింది ఇదా అని ఒళ్ళు మండింది. ఎంత తగినంతో తెలిస్తే నాకు ఈ కాగితంతో ఏం పని?

దినుసుల కొట్టుకి వెళ్ళాను. కొట్టు నడిపేది ఒకావిడ. ముక్కు మీదకి జారిన కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది.

"ఏం కావాలమ్మా?"

"ఉప్పు లేకపోయినా ఉన్నట్టుండేది ఏదైనా ఇవ్వండి."

"అలాంటిది ఉంటే నేనే తిందును. నాకూ బీపీయే" అంది ఆవిడ. అయినా జాలిపడి తొమ్మిది పొట్లాలు కట్టి, మూడు రకాల ఆకు కట్టలు సంచిలో వేసింది. "గింజలు ముందు, ఆకులు చివర. అంతకంటే నాకూ తెలీదు" అంది.

తొమ్మిది డబ్బాలు కడిగి ఆరబెట్టి, ఒక్కోదానికి చీటీ రాసి అతికించాను. లవంగాలు. సోంపు. వాము. నా అక్షరాలు డబ్బాల మీద చూసుకుంటే బాగానే అనిపించింది. అక్క గోడ పట్టుకుని వచ్చి చూసింది.

"ఈ చీటీలెందుకే? మూత తీస్తే అదే చెబుతుందిగా."

"నాకు చెప్పదు."

"నీ ముక్కుని కూడా మీ ఆయన ఆఫీసులో పెట్టేసుకున్నాడా?"

*

మొదటి రెండు వారాలు ఎలా గడిచాయో రాస్తే నాకే సిగ్గు. సోమవారం బంగాళాదుంపల్లో దాల్చినచెక్క వేశాను. "ఇది కూరా, మిఠాయా? ఏదో ఒకటి అనుకుని చెప్పు, దాన్ని బట్టి నోరు తెరుస్తా" అంది. మంగళవారం లవంగాలు. అక్క ఒక్క ముద్ద తిని, "పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంది" అంది. బుధవారం పుదీనా ముందే వేసి ఉడికించాను. నల్లగా తారులా అయింది. గురువారం వాము. గురువారం సంగతి వద్దు.

అక్కని అడిగితే సరిపోయేది కదా అంటారు. అడిగాను.

"జీలకర్ర ఎంత వేయాలి?"

"వేయాల్సినంత."

"చెంచాల్లో చెప్పు."

"నేను గిన్నెలతో పోశాను. చెంచాలు నాకేం తెలుసు?"

"పోనీ గిన్నెల్లో చెప్పు. నాలుగొందలతో భాగించుకుంటా."

"అవును, నువ్వు చదువుకున్నదానివి. భాగించు."

"ఎంతసేపు వేయించాలి?"

"వాసన వచ్చేదాకా."

వాసన డబ్బా మూత తీయగానే వచ్చింది. ఆ మాటే అన్నాను. "ఆ వాసన కాదు, తరవాత వచ్చేది" అంది కిటికీ దగ్గర్నుంచి. సరే, తరవాతది వచ్చేదాకా గరిటె తిప్పుతూ నిలబడ్డాను. పొగ వచ్చింది. "అయ్యో, దాని ముందుదే!" అని అరిచింది. పెనం తీసి నీళ్ళ కింద పెట్టాను. ఇల్లంతా మాడు కంపు. ఇద్దరం దగ్గుతూ కిటికీలు తెరిచాం. అక్కకి దగ్గు వస్తే ఆయాసం వస్తుంది. అది తగ్గేదాకా వీపు రాస్తూ నిలబడ్డాను.

"నాలుగొందల మందిలో ఒక్కడు కూడా నన్నింత ఏడిపించలేదే" అంది, ఊపిరి దొరికాక.

"నలభై ఏళ్ళలో మా ఆయన నన్నొక్క మాట అనలేదు" అన్నాను నేను.

"అనడానికి ఏదో ఒక రుచి తగలాలిగా."

మూడో వారం నాకొక ఆలోచన వచ్చింది. నేను రుచి చూసేవాడి పెళ్ళాన్ని. రుచి చూడటం ఎలాగో ఆయన నాకు నేర్పారు, పెళ్ళైన కొత్తలో, వంటింట్లో నాలుగు కప్పులు పెట్టి. "మింగితే నాలుక మొహమాటపడుతుంది. ఉమ్మేస్తేనే నిజం చెబుతుంది" అనేవారు. అన్నీ మర్చిపోయి ఇన్నాళ్ళూ గుడ్డిగా వేస్తున్నానే అనుకున్నాను. మర్నాటి నుంచి పద్ధతిగా చేశాను. చెంచాతో తీసుకోవడం, జుర్రుమని పీల్చడం, నోరంతా తిప్పడం, తొట్టిలో ఉమ్మడం, గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించడం. జీలకర్ర చాలలేదంటే ఇంకాస్త, మళ్ళీ చెంచా. మిరియం వెనకబడిందంటే ఇంకాస్త, మళ్ళీ చెంచా. ఆ చప్పుడు విని అక్క, "లోపల గేదె నీళ్ళు తాగుతోందా?" అని అరిచేది. అరవనీ అనుకున్నాను. చెంచా మీద ఉన్నది నిజంగా బాగుంది. పడగానే నోరంతా లేచి నిలబడింది. ఉప్పు లేదన్న సంగతే తెలియలేదు.

ఆ రోజు పప్పు వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. అక్క మొదటి ముద్ద పెట్టుకుంది. కనుబొమలు పైకి లేచాయి.

"ఊఁ" అంది.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. రెండో ముద్ద. మూడోది. నాలుగో ముద్దకి నెమ్మదించింది. ఐదోది చేతిలోనే పట్టుకుని కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"చాలు."

"బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి తిను."

"బాగుందన్నాను. తింటానన్నానా?"

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొదటి ముద్దకి "ఊఁ", ఐదో ముద్దకి "చాలు". ఇది ముందటి కంటే ఘోరం. బాగాలేనప్పుడు బాగాలేదని తిట్టేది, నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు బాగుందని చెప్పి తినడం మానేసింది. నన్ను సాధించడానికే అనుకున్నాను. ఒక రోజు గరిటె విసిరేశాను. అది పొయ్యి వెనక సందులో పడింది. చీపురు కర్రతో కెలికి బయటికి లాగేసరికి అరగంట పట్టింది. కోపమొచ్చినా విసిరేది అందే చోటికి విసరాలని అప్పుడు తెలిసింది.

*

అక్క కళ్ళద్దాలు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటాయి. అలాంటప్పుడు భోజనం బల్ల మీద కళ్ళద్దాల పెట్టె ఎందుకని నాకు తట్టడానికి నెల పట్టింది. ఆ రోజు నీళ్ళు పెట్టే వంకతో వెళ్ళి పెట్టె తెరిచాను. లోపల కాగితం పొట్లం. పొట్లంలో ఉప్పు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"నా ఇల్లు, నా ఉప్పు."

"నేనిక్కడ మసాలాలు దంచి దంచి చేతులు కాయలు కాయించుకుంటుంటే, నువ్వు దొంగలా పొట్లం కట్టుకుని కూర్చున్నావా? ఈ మాట ముందే చెబితే నేనూ హాయిగా గుమ్మడికాయ ఉడకబెట్టి పారేసేదాన్నిగా!"

"అరవకు. కింది వాళ్ళకి వినబడుతుంది."

"వినబడనీ. నీ కాలు చూపించు."

చూపించనంది. నేనే వంగి చీలమండ పైన బొటనవేలుతో నొక్కి తీశాను. గుంట పడింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది పూడలేదు. నేను పదిహేను దాకా లెక్కపెట్టాను. అక్క మొహం తిప్పుకుంది.

"నాకు తినాలనే ఉందే" అంది, వెటకారం లేకుండా. "నీ మీద పంతం అనుకుంటున్నావేమో, కాదు. నాలుగు ముద్దలయ్యేసరికి ఎవరో గొంతు పట్టుకున్నట్టుంటుంది. రెండు ఉప్పు రవ్వలు పడితే దారి తెరుచుకుంటుంది. మళ్ళీ రెండు ముద్దలు దిగుతాయి."

"మొదటి ముద్ద బాగుంటే ఐదో ముద్దకి ఏమొచ్చింది? పప్పు అదే, పళ్ళెం అదే, నోరు అదే."

"నాకేం తెలుసు? వండింది నువ్వు."

పెట్టె తీసుకెళ్ళి నా పెట్టెలో బట్టల అడుగున దాచాను. మర్నాటి నుంచి అక్క నిజంగానే నాలుగు ముద్దలతో సరి. తినేది, పడుకునేది. తిట్టడం కూడా తగ్గిపోయింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ వారం డాక్టరమ్మ టేపు పెట్టి కొలిచి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసి, కాగితం మా వైపు తిప్పింది. వేలెడు తగ్గింది.

"వచ్చే సోమవారం దాకా చూస్తాను" అంది. "అప్పటికీ ఇలాగే ఉంటే బట్టలు సర్దుకుని రండి."

 ఇంటికొచ్చాక, నేను చూడటం లేదనుకుని అక్క గోడ మీద క్యాలెండర్ కేసి చూసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం నా చిన్న గిన్నె మాడింది. అక్క పప్పులోకి లవంగాలు, మిరియాలు, జీలకర్ర చెంచా చెంచాకి సరిచూసుకుంటూ, పక్క పొయ్యి మీద నా గిన్నె సంగతి మర్చిపోయాను. అడుగంటా బొగ్గు. పెరుగు కూడా లేదు. అక్క ఎప్పటిలాగే నాలుగు ముద్దలు తిని పడుకుంది. పళ్ళెం తెచ్చి వంటగదిలో పెట్టాను. నాకు ఆకలి దహించుకుపోతోంది. పారేయడానికి చెయ్యి రాలేదు. స్టూలు మీద కూర్చుని అక్క వదిలేసిందే తినడం మొదలుపెట్టాను.

మొదటి ముద్ద నేను చెంచాతో చూసినట్టే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ బాగుంది. రెండోదీ బాగుంది. మూడో ముద్దకి జీలకర్ర గొంతు పెంచింది. నాలుగో ముద్దకి లవంగం వచ్చి నాలుక మీద చాప పరుచుకుని కూర్చుంది. ఐదో ముద్దలో పప్పు ఎక్కడుందో దొరకలేదు. ఆరోది నోట్లో పెట్టుకున్నాను. గొంతు వద్దంది. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించాను. వద్దంటే వద్దంది. చెప్పిందే చెప్పే చుట్టం ఎదురుగా కూర్చున్నట్టు, ఎప్పుడు లేచి వెళ్తుందా అనిపించింది.

పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చెంచా నాతో అబద్ధం చెప్పలేదు. ఒక చెంచాడు గురించి నిజమే చెప్పింది. ఒక్క చెంచాలోనే అంతా తెలియాలని నేను పెంచి పెంచి వేశాను. మా ఆయన ఏ రోజూ ఆ రెండు వందల కప్పుల్లో ఒక్కటి కూడా అడుగు దాకా తాగలేదు. తాగేవాళ్ళు ఎక్కడో వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఉండేవారు. మా అక్క తాగేవాళ్ళలో మనిషి. ఇన్నాళ్ళూ నేను చెంచా కోసం వండి, పళ్ళెం నిండా పెట్టి, తినమని అరిచాను.

వెళ్ళి అక్కని లేపాను.

"అక్కా, నీ పప్పు తిన్నాను. ఆరో ముద్ద దిగలేదు."

"నేను నెల నుంచి మొత్తుకుంటోంది అదేగా..." అంటూ ఆగింది. మోచేతి మీద లేచింది. "ఆగు. తిన్నానంటే? ఇవాళా?"

"ఇవాళ నా గిన్నె మాడింది."

"నీ గిన్నేంటి?"

చెప్పాను. మసాలా పడకముందే నా వంతు తీసేసుకుంటానని, చప్పగానే తింటానని, రుచి చూసేది చెంచాతోనని, అదీ ఉమ్మేస్తానని. చెబుతూ చెబుతూ నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

అక్క లేచి కూర్చుంది. ఇన్ని రోజుల్లో అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు.

"ఉమ్మేస్తావా? నువ్వు ఉమ్మేసేది నాకు పెడుతున్నావా?"

"అలా కాదు..."

"ఇంకెలా? నీ నోరు నీళ్ళతో కడుక్కుని, నా నోట్లో పోశావు! ఇన్నాళ్ళూ నేను నా నోరే పాడైందనుకున్నానే. నా పని అయిపోయింది, ఇక తిండి సహించదు, వెళ్ళి ఆ మంచం మీద పడాల్సిందే అనుకున్నాను. క్యాంటీన్‌లో గంట కొట్టకముందు మేం వండినవాళ్ళం కూర్చునేవాళ్ళం. పళ్ళెం నిండా పెట్టుకుని అడుగంటా తినేవాళ్ళం. అది అయితేనే తలుపులు తీసేది. ఒకరోజు సగం పళ్ళెం అయ్యేసరికి కూర మొహం మొత్తితే, నాలుగొందల మందిని పావుగంట బయట నిలబెట్టి సరిచేశాను. వాళ్ళు తలుపులు బాదుతున్నారు, అయినా తీయలేదు."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదుగా!" నాకూ కోపం వచ్చింది. "వేయాల్సినంత అన్నావు, వాసన వచ్చేదాకా అన్నావు. వండింది తినమని ఒక్కనాడన్నా అన్నావా?"

"ఊపిరి పీల్చుకోమని కూడా అనలేదు! వండినవాళ్ళు తినరని నాకెలా తెలుస్తుందే?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రొప్పుతూ కూర్చున్నాం. తనకి ఆయాసం, నాకు మిరియం.

*

శనివారం అక్క కుర్చీ వంటగది గుమ్మంలో వేయించుకుంది. లవంగాల డబ్బా ఎత్తి అటక మీద పెట్టించింది. "జీలకర్ర అంతా ఒకేసారి పోయకు. సగం నూనెలో వేయించు, సగం పొడిగా వేయించి కచ్చాపచ్చాగా దంచి పైన చల్లు. ఒక ముద్దకి తగలాలి, ఇంకో ముద్దకి తగలకూడదు. అప్పుడు మూడో ముద్ద కోసం చెయ్యి వెళ్తుంది" అంది. ఇలాంటి మాట నెల ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదని నోటిదాకా వచ్చింది, మింగాను. మింగడం నేర్చుకుంటున్నాను కదా.

మొదటి పళ్ళెం అక్క ఎదురుగా కూర్చుని తిన్నాను. ముక్కు, కళ్ళు కలిసి కారాయి. అక్క నవ్వి నవ్వి దగ్గింది. ఏడో ముద్ద దగ్గర ఆగిపోయాను.

"మళ్ళీ" అంది.

సాయంత్రం మళ్ళీ వండాను. తొమ్మిది. పదో ముద్దకి వెల్లుల్లి ఎక్కువైంది. ఆదివారం ఉదయం మాటల్లో పడి కొత్తిమీర ముందే వేసేశాను, గడ్డి వాసన. ఐదు. నా పొట్ట నిండిపోయింది, అక్క పొట్టలో ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. "ఇక నా వల్ల కాదు. నువ్వు ఉప్పే తిను, నేనే తెచ్చిస్తాను" అన్నాను.

"తెచ్చివ్వు" అంది అక్క.

గదిలోకి వెళ్ళి బట్టల అడుగు నుంచి కళ్ళద్దాల పెట్టె తీశాను. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మళ్ళీ అక్కడే పెట్టి, వచ్చి బంగాళాదుంపలు తరగడం మొదలుపెట్టాను. అక్క ఎక్కడ అని అడగలేదు.

ఈసారి నూనెలో సగం జీలకర్ర, నాలుగే నాలుగు వెల్లుల్లి రెబ్బలు. మిరియం దంచి కొంచెం లోపల, కొంచెం పైన. దించాక గుప్పెడు కొత్తిమీర, నాలుగు పుదీనా ఆకులు తుంచి. నిమ్మకాయ పిండలేదు, చెక్క కోసి పళ్ళెం అంచున పెట్టాను. చెంచా ముట్టుకోలేదు. పళ్ళెం నిండా పెట్టుకుని కూర్చున్నాను. కింది ఇంటివాళ్ళు మెట్ల మీద బకెట్టు దొర్లించారని అక్క వాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది. నేనూ నాలుగు మాటలు కలిపాను. కాసేపటికి అక్క తిట్టడం ఆపి నా పళ్ళెం కేసి చూసింది. నేనూ చూశాను. ఖాళీగా ఉంది. ఎన్ని ముద్దలో లెక్కపెట్టడం మర్చిపోయాను.

"ఇటు పెట్టు" అంది, తన పళ్ళెం ముందుకు తోస్తూ.

వడ్డించి, తనకీ ఒక నిమ్మచెక్క అంచున పెట్టాను. తన ముద్దలు మాత్రం నేను లెక్కపెట్టాను. నాలుగు. ఐదు. ఆరోది పెట్టుకుని నమిలింది. ఏడో ముద్ద అయ్యాక చెయ్యి బల్ల మీద పాకుతూ కళ్ళద్దాల పెట్టె ఉండే చోటికి వెళ్ళింది. అక్కడేమీ లేదు. నేను పొయ్యి వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. తిరిగి చూసేసరికి నిమ్మచెక్క నలిగి ఉంది. పదకొండు ముద్దలు తింది. పన్నెండోది వదిలేసింది.

"మిరియం ఎక్కువైంది" అంది. "రేపు తగ్గించు."

సోమవారం డాక్టరమ్మ టేపు పెట్టింది. అంకె పెరగలేదు, తగ్గలేదు. కాలు నొక్కి చూసింది. గుంట పడింది గానీ, నేను ఎనిమిది అనేసరికి పూడటం మొదలైంది. బట్టల సంచి నా ఒళ్ళోనే ఉంది.

"ఇంటికి వెళ్ళండి. వారం తరవాత రండి" అంది డాక్టరమ్మ. "ఏం మార్చారు?"

"వంటమనిషిని మార్చామండీ" అంది అక్క. "పాతావిడ తను వండింది తను తినేది కాదు."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాం. ఒక్కో అంతస్తుకి ఆగుతూ మెట్లెక్కాం. రెండో అంతస్తు దగ్గర అక్క గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, "ఇవాళేంటి?" అంది.

"గుమ్మడికాయ."

అక్క గోడ వదిలి ఇంకో మెట్టెక్కింది.

"ముందు నువ్వు తిను" అంది. "తిని చెప్పు."